షీటు అవతలి కొస

నవంబర్ 5, 2007, సోమవారం

ఈ డైరీ ఒక విత్తనాల కంపెనీ వాళ్ళది. జనవరిలో నాయనకు ఉచితంగా వచ్చింది. నేను నవంబర్‌లో మొదలుపెడుతున్నాను. వనపర్తి నివాసి యేసుబాబు, బి.ఎస్సీ. (మ్యాథ్స్), సెకండ్ క్లాస్, అనే వ్యక్తి జీవితంలో మొదటి పది నెలలు రాయదగిన ఘటన ఒక్కటీ జరగలేదని భావితరాలు గమనించగలరు.

ఈ రోజు జరిగింది. పదకొండు ప్లైవుడ్ షీట్లు వచ్చాయి. ఒక్కొక్కటి ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. మా సందులోకి ట్రాలీ ఆటో రాదు. మెయిన్ రోడ్డు నుంచి నాయనా నేనూ ఒక్కొక్కటే మోశాం. ముందు ఆయన, వెనక నేను. షీటు అడ్డం ఉంటే ముందున్న మనిషి వెనకున్న వాడికి కనిపించడు, కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. అర కిలోమీటరు మా నాయన కాళ్ళను పదకొండు సార్లు చూశాను. ఒకసారి ఆ కాళ్ళు వెంకటన్న పిండి గిర్ని ముందున్న రాయిని తన్నుకున్నాయి. అది మేం పుట్టకముందు నుంచి అక్కడే ఉన్న రాయి.

ఆర్డరు కొత్తకోటది. నరేందర్ అనే ఆయన హైవే పక్కన మెడికల్ షాపు పెడుతున్నాడు, లోపలి ర్యాకులన్నీ మావి. ఓపెనింగ్ డిసెంబర్ 2. పంతులు పెట్టిన ముహూర్తం, మారదట.

నాయన పేరు ఆశీర్వాదం. పుణేకు సెంట్రింగ్ పనికి పోయి, తొమ్మిదేళ్ళ తర్వాత ఫర్నిచర్ పని నేర్చుకొని తిరిగొచ్చాడు. మా వంశంలో అంతకుముందు పార, కొడవలి తప్ప ఎవరి చేతిలోనూ ఇంకో పనిముట్టు లేదు. ఊరు ఆయన్ని మేస్త్రీ అని పిలవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

నవంబర్ 6

మా ఫ్యాక్టరీని వర్ణిస్తాను. ఇంటి ముందు రేకుల షెడ్డు, పద్నాలుగు అడుగులు. మధ్యలో నాయన చేసిన బల్ల. బల్ల కింద మోటరు, పైకి పొడుచుకొచ్చిన గుండ్రటి రంపం. ఎనిమిది అడుగుల షీటును నిలువునా కోయాలంటే బ్లేడుకు ముందు ఎనిమిది అడుగులు, వెనక ఎనిమిది అడుగులు కావాలి. పద్నాలుగులో పదహారు పట్టవని చెప్పడానికి బి.ఎస్సీ. అక్కర్లేదు. అందుకే మా ఇంట్లో షీటు వంటింట్లోకి వెళ్తుంది. బల్ల వెనక తలుపు తీసి ఉంటుంది. కోత సగమయ్యేసరికి షీటు కొస గడప దాటి, స్టవ్ పక్కదాకా వస్తుంది. మోటరు చప్పుడు వినగానే అమ్మ అన్నం గిన్నె దించి పక్కకు జరుగుతుంది. షెడ్డు వేసిన కొత్తల్లో ఒకసారి జరగలేదట, పప్పు పోయిందట.

ఆ గడపలో నిలబడి, వచ్చే షీటును అందుకునేది నేను. రూల్స్ మూడు. గుంజొద్దు. పైకి లేపొద్దు. బ్లేడు తిరుగుతున్నంతసేపు నోరు తెరవొద్దు. నాయన చెప్పే పద్ధతి: నువ్వు ఏం చెయ్యకు బిడ్డా, ఊకె మోయి.

ఏమీ చేయకపోవడంలో నాకు డిగ్రీ అయినప్పటి నుంచి అనుభవం ఉంది.

నవంబర్ 7

పెన్సిల్ గీత సన్నగా ఉందన్నాడు నాయన. లావుగా గీశాను. బల్బు మసకగా ఉందన్నాడు. మార్చాను. తర్వాత ఒక ఇనుప మొల తెచ్చి, స్కేలు ఆనించి, గీత మీద గాడి గీకాడు. ఆ గాడి మీద బొటనవేలు ఆనించి, వేలితో చదువుకుంటూ షీటును తోశాడు. పుణే టెక్నాలజీయా అని అడిగాను. అవునన్నాడు.

నవంబర్ 10, శనివారం

రెండు షీట్లు కోశాం. పలకలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే కొసలు కలవలేదు. టేపు పెట్టి చూశాను. ఈ చివర పన్నెండు అంగుళాలు, ఆ చివర పన్నెండుకు మూడు సూతులు తక్కువ. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా నాయన ప్రపంచంలో అది చాలా పెద్ద కొలత. సూతు తేడా వచ్చిందని ఒకసారి ఒక కిటికీని కట్టెల పొయ్యిలో పెట్టిన మనిషి.

చెప్పాను. నువ్వు గుంజినవ్ అన్నాడు. గుంజలేదన్నాను. గుంజినవ్ అన్నాడు. అమ్మ స్టవ్ దగ్గర నుంచి మా ఇద్దరినీ చూసి మళ్ళీ కూర కలుపుకుంది.

నేను గుంజలేదు. ఇది కోర్టులో అయినా చెబుతాను.

నవంబర్ 11, ఆదివారం

చర్చిలో నాయన లేచి కీర్తన చదివాడు. ఎప్పటిలాగే గంభీరంగా చదివాడు. ఆ కీర్తన పుస్తకంలో రెండు పేజీలు ఉంటుంది. నాయన పేజీ తిప్పలేదు.

నవంబర్ 12, పొద్దున

ఒక ప్రాక్టికల్ చేశాను. రికార్డు రాస్తున్నాను.

ఉద్దేశం: తెలుసుకోవడం. పరికరాలు: మూడో షీటు, కార్పెంటర్ పెన్సిల్. పద్ధతి: నాయన రాకముందే షీటు మీద, బొటనవేలంత అక్షరాలతో, ఆశీర్వాదం మేస్త్రీకి కండ్లు కనిపిస్తలేవు అని రాశాను. ఆయన వస్తే తిడతాడు, చెప్పు తీస్తాడు, నేను సందులోకి ఉరుకుతాను, అందరం నవ్వుకుంటాం. అది నేననుకున్న ఫలితం.

నాయన వచ్చాడు. షీటు మీద అరచేయి పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు నిమిరాడు. నా అక్షరాల మీదుగానే నిమిరాడు. పై ముఖం శుభ్రంగున్నది బిడ్డా, మంచి షీటు, ఒక్క మచ్చ లేదు అన్నాడు.

ఆయన టీకి వెళ్ళినప్పుడు తుడిచేశాను. పెన్సిల్ తొందరగా పోదు. గరుకు కాగితం పెట్టి రుద్దాల్సి వచ్చింది.

నవంబర్ 13

అమ్మకు చెప్పాను. అమ్మకు ఏడాదిన్నర నుంచి తెలుసు. రెండు కండ్లకూ పొర. బస్సు బోర్డు తనే చదివి చెబుతోందట, అన్నంలో రాయి ఉంటే తనే ఏరుతోందట. నీకు చెప్పొద్దని బైబిల్ మీద ఒట్టు వేయించుకున్నడు అంది. మరి ఇప్పుడు చెప్పావు కదా అంటే, నువ్వే కనుక్కున్నవ్, నేను చెప్పలే అని చేతులు కడుక్కుంది. మా అమ్మ ఎస్తేరమ్మ లాయరు కావాల్సింది.

ఆపరేషన్ ఎందుకు వద్దట? ఫ్రీ కంటి క్యాంపు బస్సు నెలకోసారి బస్టాండు నుంచే పోతుంది. ఆ బస్సెక్కితే ఊరంతా చూస్తుంది. కండ్లు లేని మేస్త్రీకి పని ఎవరిస్తరు అంటాడట. మొన్నటి దాక పార పట్టినోళ్ళు, వీళ్ళకు మేస్త్రీ పనేందని అననీకె ఊరు కాసుకొని కూసున్నది అంటాడట. అమ్మ ఆయన గొంతుతోనే చెప్పింది.

కాబట్టి పరిస్థితి ఇది. నిమిషానికి కొన్ని వేల సార్లు తిరిగే బ్లేడు. దాని పక్కన పది వేళ్ళు. ఆ వేళ్ళున్న మనిషికి బ్లేడు మసకగా, ఉన్నట్టు లేనట్టు. ఇంకా ఎనిమిది షీట్లు, ఒక్కో దానికి నిలువునా మూడేసి కోతలు. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు.

ఇరవై నాలుగు సార్లు నేను గడపలో నిలబడి చూడాలి.

నవంబర్ 15

మహత్తర ఉపాయం. కరెంటు కోతలకు మన రాష్ట్రంలో కొదవ లేదు, ఇంకొకటి ఎవరు లెక్కపెడతారు? పొద్దున మెయిన్ బోర్డులో ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. నాయన స్విచ్ వేశాడు. మోటరు కదల్లేదు. కరెంటు పోయింది నాయనా అన్నాను. ఎప్పుడొస్తదో ఏమో అని బీడీ ముట్టించాడు.

ఫ్యూజు జేబులో బరువుగా ఉంటుంది. ఎవరికీ తెలియని విషయం.

నవంబర్ 16

కరెంటు రాలేదు. నరేందర్ ఫోన్ చేశాడు. మీ దిక్కు గింత ఘోరమా అన్నా, మా కొత్తకోటల మంచిగనే ఉంటుంది గదా అన్నాడట. నాయన షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను ఆయన చేతులను చూస్తున్నాను. అవి ఉన్నాయి. అన్నీ ఉన్నాయి.

నవంబర్ 17, శనివారం

పట్టుబడ్డాను.

పొద్దున పదకొండుకు నాయన షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను కరెంటు ఇంకా రాలేదు అని ప్రభుత్వాన్ని నాలుగు మాటలు అంటున్నాను. బాగానే అంటున్నాను. నాయన చేయెత్తి ఆపమన్నాడు. అప్పుడు వినిపించింది. రెండిళ్ళ అవతల నుంచి, రెండు రోజులుగా మధ్యాహ్నం దాకా, ఆగకుండా, టకటకటక.

వెంకటన్న గిర్ని నీళ్ళతోని తిరుగుతుందారా అని అడిగాడు నాయన.

అది వేరే ఫేజు నాయనా అన్నాను. ఆ స్తంభం నుంచి ఈ స్తంభానికి తీగ గుంజినప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే, నాకు ఫేజులు చెప్పకు అన్నాడు. తర్వాత అరచేయి చాచాడు. అందులో ఫ్యూజు పెట్టాను. నా జేబు వేడికి వెచ్చగా ఉంది. ఆయన దాన్ని కాసేపు అలాగే పట్టుకున్నాడు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎన్ని దినాలైంది నీకు తెలిసి అన్నాడు. సోమవారం నుంచి అన్నాను. గిన్ని దినాలు ఒక్క జోకు గుడ వెయ్యలేదు, గందుకే అనుమానం వచ్చింది అన్నాడు.

ఈ ఒక్క ఆర్డరు బిడ్డా, గది అయినంక బస్సెక్కుత అన్నాడు. నేను కోస్తాను నాయనా అన్నాను. నీకు ఏడేండ్లప్పుడు మోటరు చప్పుడుకు మంచం కిందికి పొయినవ్, ఇప్పటికి గుడ బ్లేడు ముంగట నిలబడంగ నీ మోకాళ్ళు సూస్తున్న నేను అన్నాడు. ఏం చూస్తున్నావు నీ తలకాయ అనబోయి ఆగాను.

ఆయన చెప్పింది నిజం. నాకు భయం. డైరీలో కూడా ఇప్పటిదాకా రాయలేదు.

నవంబర్ 19

నాలుగు షీట్లయ్యాయి. వేళ్ళు పది.

నవంబర్ 20, మంగళవారం

నేను అరిచాను.

నవంబర్ 21, దవాఖాన

నిన్నటిది రాయాలి. రాయకపోతే రేపు నేనే దాన్ని మార్చేసి జోకులా చెబుతాను.

పొద్దున పదకొండున్నర. ఐదో షీటు. కోత ముప్పావు వంతు అయ్యింది. కొస గడప దాటి నా చేతుల్లోకి వచ్చింది, అమ్మ గిన్నె దించి గోడకు ఆనుకుంది. నాయన అవతల ఉన్నాడు. ఎడమ చేయి షీటు మీద చాచి తోస్తున్నాడు. గాడి మీద బొటనవేలు నడుస్తోంది, బ్లేడు వైపు. నాకు ఆ వేలు తప్ప లోకంలో ఏదీ కనిపించలేదు. రంపపు పొట్టు ఎగురుతోంది. వేలు ఇంకొంచెం ముందుకు వచ్చింది. ఇంకొంచెం.

నాయనా! అని అరిచాను.

బ్లేడు తిరుగుతుండగా మా షెడ్డులో ఎవరైనా నోరు తెరవడం అదే మొదటిసారి. నాయన తలెత్తాడు. తల ఒక్కటే కాదు, మొత్తం మనిషి నా వైపు తిరిగాడు, ఒక అడుగు ముందుకు కూడా వేశాడు. ఆయనతో పాటు షీటు తిరిగింది. బ్లేడు పట్టేసింది. మోటరు ఒక్క క్షణం మూలిగింది. అంత పెద్ద షీటు నా చేతుల్లోంచి ఊడి, ఎవరో కాలితో తన్నినట్టు వెనక్కి పోయింది. దాని మూల నాయన డొక్కలో తగిలింది.

ఆయన కింద పడ్డ చప్పుడు నాకు వినిపించలేదు. అమ్మ వెళ్ళి స్విచ్ కట్టేసింది. నేను గడపలోనే ఉన్నాను, చేతులు షీటు మోస్తున్నట్టే చాచి.

ఒక పక్కటెముక చిట్లింది. షీటు వెనక్కి గుంజినప్పుడు చీలిక దిగి ఎడమ అరచేయి కోసుకుపోయింది, ఆరు కుట్లు. వేళ్ళు పది. డాక్టరు టార్చి కండ్లలో వేసి చూశాడు. ఏం పని చేస్తవు అని అడిగాడు. ప్లైవుడ్ పని, మిషన్ మీద కోస్త అన్నాడు నాయన. డాక్టరు రాయడం ఆపి అమ్మ వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను గోడ మీది టీకాల పట్టిక చదివాను. పూర్తిగా చదివాను.

సాయంత్రం అమ్మ టీకి వెళ్ళినప్పుడు చెప్పాను. నీ వేలు బ్లేడులోకి పోతోందనుకున్నాను అని. నాయన కండ్లు మూసుకునే జవాబిచ్చాడు. నాలుగు వేళ్ళ దూరం ఉండె బిడ్డా, బ్లేడు దగ్గరైతే గాలి తగులుతది గదా వేలికి, నాకు తెల్వదా అన్నాడు. మరి ఎందుకు తిరిగావు అన్నాను.

బ్లేడు ఎక్కడున్నదో నాకు తెలుసు, నువ్వు కనపడలే అన్నాడు. నీ చెయ్యి పోయిందనుకున్న అన్నాడు.

నవంబర్ 22

రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 23, శుక్రవారం

ఇంటికి వచ్చాం. నరేందర్ కొత్తకోట నుంచి బండి మీద వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని చాలాసేపు హైవే ట్రాఫిక్ గురించి, మనుషుల ఆరోగ్యం గురించి మాట్లాడాడు. చివరికి గొంతు సవరించుకొని, పరేషాన్ కాకు ఆశీర్వాదమన్నా, నువ్వు పండుకో, వేరే ఎవరితోనన్న చేయించుకుంట అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నాయన ముఖం చూశాను. పక్కటెముక చిట్లినప్పుడు కూడా అలా లేదు.

నా నోరు నన్ను అడగకుండానే మాట్లాడుతుందని అందరికీ తెలుసు. ఒకటో తారీఖున ర్యాకులు మీ గోడకుంటయి అన్నా, కోసేది నేనే అంది నా నోరు. నరేందర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. నాయన కూడా చూశాడు, తనకు కనిపించినంత.

నరేందర్ వెళ్ళాక నా షరతు చెప్పాను. నేను ఒక్కో షీటు కోస్తాను. అన్నీ అయ్యాక డిసెంబర్ క్యాంపు బస్సులో నువ్వు కూర్చుంటావు. కూర్చోకపోతే కోసినవన్నీ పొయ్యిలో పెడతాను. నాయన సరే అనలేదు. మోటరుకు ఎదురుగ నిలబడకు, ఎప్పుడు గుడ పక్కకు నిలబడు అన్నాడు. మా ఇంట్లో దాన్ని సరే అంటారు.

నవంబర్ 24

కోసే ముందు ప్లాన్ గీయాలి కదా. గ్రాఫ్ పేపర్ మీద గీశాను. షీటు వెడల్పు నలభై ఎనిమిది అంగుళాలు. పలక పన్నెండు. నలభై ఎనిమిదిని పన్నెండుతో భాగిస్తే నాలుగు, శేషం సున్న. నా జీవితంలో ఇంత అందమైన లెక్క చూడలేదు. అమ్మకు కూడా చూపించాను.

సాయంత్రం నాలుగింటికి మొదటి షీటు పెట్టాను. వర్ణించను. చెమట కండ్లలోకి దిగింది. గడపలో ఇప్పుడు నా చోట అమ్మ నిలబడింది, కొంగు నడుముకు చెక్కుకొని. మొదటి కోత, రెండో కోత, మూడో కోత. బతికే ఉన్నాను.

టేపు పెట్టాను. మూడు పలకలు పన్నెండు. నాలుగోది పదకొండు మీద ఐదు సూతులు. మూడు సూతులు ఎవరో తినేశారు. మళ్ళీ కొలిచాను. గ్రాఫ్ పేపర్ చూశాను. గ్రాఫ్ పేపర్ నిర్దోషి.

నాయన మంచం మీద నుంచి అడిగాడు, నాలుగోది తక్కువొచ్చిందా అని. ఎలా తెలుసు అన్నాను. బ్లేడుకు తిండి పెట్టొద్దా కొడుకా, కోసిన కాడల్లా సూతు మందం తింటది, మూడు కోతలు కోసినవ్ అన్నాడు. నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. బి.ఎస్సీ.ల చెప్పలేదా గిది అన్నాడు. చెప్పలేదు. మూడేళ్ళు కాల్క్యులస్ చెప్పారు గానీ, రంపం కూడా భోజనం చేస్తుందని ఎవరూ చెప్పలేదు.

రాత్రి భోజనాలయ్యాక నరేందర్‌కు ఫోన్ చేసి అన్ని అరలూ పదకొండున్నరకు ఒప్పించాను. మందు డబ్బాలకు పదకొండున్నర బోలెడన్నాడు. ఇప్పటిదాకా కోసినవన్నీ కూడా అంచులు సరిచేసి అదే కొలతకు తేవాలి. నాయన కోసినవి కూడా. అవి చేసేటప్పుడు ఆయనకు తెలియకుండా తలుపు దగ్గరికి వేస్తాను.

నవంబర్ 26, సోమవారం

రెండు షీట్లు. అమ్మ నాకన్నా మంచి పనిమంతురాలు. గుంజదు, లేపదు, మాట్లాడదు. షీటు బరువు తన మీదికి వస్తుంటే అట్లాగే వెనక్కి నడుస్తుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. ఇరవై ఏళ్ళు స్టవ్ పక్క నుంచి చూసిందట. ఎప్పుడైనా అడిగారా నన్ను అంది.

నాయన స్టూలు వేసుకొని షెడ్డు మూలలో కూర్చున్నాడు. కోత అయ్యాక మాత్రమే మాట్లాడతాడు. మధ్యల ఎడమకు పొయినవ్, మళ్ళ వచ్చినవ్ అంటాడు. టేపు పెడితే నిజంగానే అక్కడ వంకర ఉంటుంది.

నవంబర్ 28

కోత సగంలో నిజంగా కరెంటు పోయింది. ఇందులో నా ప్రమేయం లేదని నాయనను మెయిన్ బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి చేయి పెట్టించి చూపించాను. ముగ్గురం రెండు గంటలు షీటును అలాగే వదిలేసి కూర్చున్నాం. బత్తాయిలు తిన్నాం.

కరెంటు వచ్చేటప్పుడు బ్లేడు దానంతటది తిరుగుతుంది కదా, ముందు స్విచ్ కట్టేయాలి. ఆ సంగతి నాకు తట్టలేదు. బత్తాయి తొన చేతిలో పట్టుకొని నాయన అడిగాడు, స్విచ్ కట్టేసినవా అని. లేచి ఉరికాను. కట్టేసి తిరిగొచ్చి కూర్చున్నాక నిమిషం కూడా కాలేదు, బల్బు వెలిగింది.

నా తొన అమ్మకిచ్చాను.

నవంబర్ 30

పదకొండు. షీట్లన్నీ అయిపోయాయి. వేళ్ళు మా ముగ్గురివీ కలిపి ముప్పై, సరిగ్గా ఉన్నాయి.

డిసెంబర్ 2, ఆదివారం, కొత్తకోట

ముహూర్తానికి రాత్రంతా బిగించిన ర్యాకులు గోడకు నిలబడ్డాయి. నరేందర్ కొబ్బరికాయ కొట్టాడు. పంతులు కింది అర మీద కుంకుమ బొట్టు పెట్టాడు. అది సరిగ్గా నేను వంకరగా కోసిన చోటు. దేవుడు అన్ని మతాల్లోనూ దయగలవాడు.

డిసెంబర్ 12, బుధవారం

బస్టాండు. క్యాంపు బస్సు. నాయన తువ్వాలు తలకు చుట్టుకొని, సగం ముఖం దాచుకొని వచ్చాడు. నరహంతకుడిలా ఉన్నావు నాయనా, పోలీసులు ఎక్కనివ్వరు అన్నాను. తువ్వాలు తీసేశాడు. అమ్మ ముందు ఎక్కింది. ఆయన ఒక్కసారి చుట్టూ చూశాడు, ఏమి కనిపించిందో తెలియదు. ఎక్కాడు.

ముందు కుడి కన్ను. ఎడమది తర్వాత.

డిసెంబర్ 14

కట్టు విప్పారు. నల్ల అద్దాలు. నలభై రోజులు దుమ్ము తగలొద్దు, తల వంచొద్దు, షెడ్డు గడప తొక్కొద్దు. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి అమ్మకిచ్చాను. జేబుల్లో పెట్టుకునే అలవాటు మానేశాను.

జనవరి 22, 2008, మంగళవారం

పాత డైరీ అయిపోయింది, వెనక పిన్‌కోడుల పేజీల్లో రాస్తున్నాను.

ఈ రోజు కండ్లద్దాలు వచ్చాయి. నాయన పెట్టుకున్నాడు. ముందు అమ్మను చూశాడు. గిట్లైనవేందే అన్నాడు. అమ్మ కొట్టినంత పని చేసింది. నన్ను చూసి, గడ్డం గీసుకోరాదురా అన్నాడు. సందులోకి వెళ్ళి వెంకటన్నకు దండం పెట్టి, ఆయన గిర్ని బోర్డు మీది అక్షరాలు గట్టిగా చదివి, అందులో ఒక తప్పు కూడా పట్టుకున్నాడు. నేను చాలా రోజుల తర్వాత కడుపుబ్బా నవ్వాను.

మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళాడు. గోడకున్న గిన్నెల అలమర నిరుడు ఆయన చేసిందే. దాని ముందు నిలబడ్డాడు. తలుపు తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు. పైన తలుపుకూ చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు. వేలు దూర్చి చూశాడు.

అన్నం పెట్టమంటావా అని అమ్మ రెండు సార్లు అడిగింది.

జనవరి 23

నిరుడు, అంతకుముందేడు ఎవరెవరి ఇంట్లో పని చేశానో రాసి ఇయ్యి అన్నాడు. రాసి ఇచ్చాను. పద్నాలుగు ఇళ్ళు.

మొదట నాగేంద్రమ్మ ఇల్లు. టీచరమ్మ, పాత బజారులో ఉంటుంది. బట్టల బీరువా చేశాడు ఆమెకు. మమ్మల్ని చూసి సంబరపడింది, అద్దాలు బాగున్నయి అన్నా అంది, టీ పెట్టింది. నాయన టీ పట్టుకొని బీరువా దగ్గరికి వెళ్ళాడు. రెండు తలుపులూ కలవవు. ఒకటి పైకి, ఒకటి కిందికి. తెరుచుకోకుండా పాత క్యాలెండర్ కాగితం మడిచి సందులో దూర్చింది. కాగితం రంగు వెలిసిపోయింది. చాలా రోజుల నుంచి అక్కడే ఉంది.

జర నాకు చెప్పకపోతివేందమ్మా అన్నాడు నాయన.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. ఏమని చెప్పాలె అన్నా, నీకు కనపడకుంటుండె గానీ మాకు కనపడుతనే ఉండె గదా అంది. మా అక్క గుడ నీతోనే చేయించుకున్నది, నేనే చెప్పిన అంది.

నాయన టీ తాగలేదు. చల్లారిన గ్లాసు పట్టుకొని నిలబడ్డాడు. ఊరికి తెలియకూడదని ఏడాదిన్నర కండ్లు దాచుకున్న మనిషి.

ఎక్కడికెళ్ళినా ఇదే. ఒక ఇంట్లో తాడు కట్టారు. ఒక ఇంట్లో అట్టముక్క. ఒకరు ర్యాకునే గోడ వైపు తిప్పి పెట్టుకున్నారు. పద్నాలుగు ఇళ్ళలో పద్నాలుగు టీలు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఏదైనా జోకు వేయాలని చాలా ప్రయత్నించాను.

జనవరి 26, శనివారం

రిక్షా ట్రాలీ మీద రెండు రోజులు తిరిగి, పద్నాలుగు ఇళ్ళ తలుపులు ఊడదీసుకొచ్చాం. షెడ్డు నిండా గోడలకు ఆనించి నిలబెట్టాం. నాయన నన్ను బయటికి పొమ్మని లోపల గడియ వేసుకున్నాడు. మోటరు చప్పుడు లేదు. సుత్తి చప్పుడు లేదు. పాత బజారు నుంచి నాగేంద్రమ్మ వచ్చి, ఏం చేస్తుండు అన్న అని అడిగింది.

చూస్తుండు అన్నాను.